కరవులో ఆగిన బాప్తిస్మాలు: ‘ప్రలోభం’ వివాదానికి ఒంగోలు నేపథ్యం

మతమార్పిడి నిరోధానికి రాష్ట్రాలు చేసిన చట్టాలను సవాలు చేసిన పిటిషన్లపై 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, కర్ణాటక సహా పలు ప్రభుత్వాల సమాధానం కోరింది. సువార్త ప్రకటనపై పాత వాదం దాంతో మళ్ళీ రాజుకుంది. తమిళనాడులో ఇటువంటి చట్టం 2002 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి 2004లో రద్దయింది కాబట్టి చెన్నైలోని తెలుగు సంఘాలకు ఇది పొరుగు రాష్ట్రాల గొడవగా కనిపించవచ్చు. కాని వేపేరి నుంచో పెరంబూరు నుంచో కూటాలకు బెంగళూరు వెళ్ళే తెలుగు పాస్టరుకు హోసూరు దాటగానే వేరే చట్టం వర్తిస్తుంది. పైగా ఈ వివాదంలో అసలు ఆరోపణ, చట్టాల భాషలో ‘ప్రలోభం’, అంటే అన్నమో డబ్బో చూపించి మతంలో కలుపుకున్నారన్న మాట, చెన్నై తెలుగు క్రైస్తవుల్లో అనేకుల పూర్వీకుల మీద నూట నలభై ఏళ్ళకు పైగా పడుతూనే ఉంది.

చెన్నైలోని పరంగిమలకు (సెయింట్ థామస్ మౌంట్) అపొస్తలుడైన తోమా వచ్చాడన్న సంప్రదాయం, తరంగంబాడిలోని తొలి ప్రొటెస్టెంట్ మిషన్, తొలి బైబిలు అనువాదాలు పాఠకులకు తెలిసినవే. నేటి తగవుకు సంబంధించిన మలుపు 1876–78 నాటి కరవులో, ఒంగోలు ప్రాంతంలో జరిగింది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చేనాటికి ఆ మిషన్‌కు తెలుగునాట ముప్పై ఏళ్ళ చరిత్ర ఉన్నా విశ్వాసుల సంఖ్య మాత్రం చాలా స్వల్పం. ఆ ఏడాదే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు బాప్తిస్మం పొంది, స్వగ్రామం తాళ్ళకొండపాడు చుట్టుపక్కల తన బంధువులకు తానే సువార్త చెప్పడం మొదలుపెట్టారు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను మిషన్ బడికి పంపబోమని ఒంగోలులోని పై కులాలవారు చెప్పారు. క్లౌ వచ్చినవారిని తిప్పిపంపలేదు. బడి ఖాళీ అయింది. ఆదివారం పనికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు పల్లెల్లో కొత్త విశ్వాసులకు కూలి పోయింది, కొన్నిచోట్ల బావి నీళ్ళు కూడా అందకుండా పోయాయి. మత ప్రచారాన్ని ఎప్పుడూ బలవంతుడు బలహీనుడి మీద రుద్దినదిగా చెప్పేవారు ఈ పదేళ్ళ కాలాన్ని అసలు ప్రస్తావించరు. ఇక్కడ చెప్పినవాడూ విన్నవాడూ కూడా ఊరి చివరి వాడలోని మనిషే.

కరవు వచ్చాక మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరవు పనిగా చేపట్టింది. ఇవాళ చెన్నై మైలాపూరులో ఎంఆర్‌టీఎస్ రైలు మార్గపు స్తంభాల కింద కనిపించేది ఆ కాలువే. ఒంగోలు వైపు సుమారు మూడున్నర మైళ్ళ పనిని, సర్వే పని తెలిసిన క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నారు. మిషన్ బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. కులం పేరుతో ఇతర చోట్ల తోసివేతకు గురైన కుటుంబాలు ఇక్కడ గునపం, గంప పట్టి కూలి సంపాదించుకున్నాయి. విరామంలో, రాత్రిపూట బోధకులు వాక్యం చెప్పారు, జనం విన్నారు. వ్యతిరేకుల వాదన సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది: ఆకలిగొన్న మనిషికి కూలి ఇచ్చే చెయ్యే మతాన్నీ అందిస్తే ఆ అంగీకారం స్వేచ్ఛగా ఇచ్చినది ఎలా అవుతుందని వారు అడుగుతారు.

అది అడగదగిన ప్రశ్నే. క్లౌ దానిని వారికంటె ముందే తనకు తాను వేసుకున్నారు. 1877 మార్చి నుంచి దాదాపు పదిహేను నెలలపాటు, ఎంతమంది వచ్చి అడిగినా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరవు నిధులు తన చేతుల మీదుగా పంచుతున్నంతకాలం ఎవరినీ సంఘంలో చేర్చుకోకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. 1878 జూన్‌లో సాయం ముగింపుకు వచ్చాకే తలుపు తెరిచారు. గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో గుమికూడిన జనానికి ఇక ఇవ్వడానికి డబ్బు లేదని, వెళ్ళిపొమ్మని చెప్పినప్పుడు, తాము డబ్బు కోసం రాలేదని, కష్టపడి బతికామనడానికి అరచేతుల్లోని బొబ్బలే సాక్ష్యమని వారు జవాబిచ్చినట్లు ఆయన ఆత్మకథ చెబుతుంది. జూలై 3న ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో వంతుకు ఇద్దరు చొప్పున నీటిలోకి దిగి, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మూడు రోజుల మొత్తం 3,536. కడుపు నింపుకోవడానికే వచ్చినవారైతే అన్నం పంచిన నెలల్లో చేరాలని పట్టుబట్టి ఊరుకుని, కూలి ఆగిపోయాక ఇళ్ళకు పోవలసింది.

రాజ్యాంగ సభలో ఈ తగవు 1948 డిసెంబరు 6న మళ్ళీ వచ్చింది. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కును తీసివేయాలని కొందరు సభ్యులు సవరణలు తెచ్చినప్పుడు మద్రాసుకు చెందిన టి.టి. కృష్ణమాచారి అడ్డుపడ్డారు. తాను సుమారు పద్నాలుగేళ్ళు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివినా ఎవరూ తనను మతం మార్చడానికి ప్రయత్నించలేదని చెప్పారు; చాలామంది క్రైస్తవంలో చేరడానికి అది వారికిచ్చిన గౌరవ స్థానం కొంతవరకు కారణమని కూడా అన్నారు. 25వ అధికరణంలో ప్రచార హక్కు నిలిచింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచార హక్కంటే తన మత సిద్ధాంతాలను వివరించే హక్కేగాని ఇతరులను మార్చే హక్కు కాదని తీర్పునిచ్చి, మధ్యప్రదేశ్, ఒరిస్సా చట్టాలను సమర్థించింది. ఆ తర్వాతి చట్టాలన్నీ ఈ తీర్పు నీడలోనే పుట్టాయి.

లాభం కోసం మతం మారారనే వాదనకు చెన్నై వీధిలోనే జవాబుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలో చేరిన దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా పోతుంది. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆది ద్రావిడ క్రైస్తవుడికి, అదే పని చేసే ఇతరులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బంకు క్రైస్తవుడైనందువల్ల దక్కలేదు. 1985లో సుప్రీంకోర్టు కూడా ఆయన పిటిషన్‌ను కొట్టివేసింది. విశ్వాసానికి వెల కట్టింది ఎవరో, ఆ వెల చెల్లించింది ఎవరో ఈ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది.

కర్ణాటక 2022 చట్టం ప్రలోభం నిర్వచనంలో బహుమతి, ఉద్యోగం, మత సంస్థ బడిలో ఉచిత చదువుతోపాటు మెరుగైన జీవన విధానాన్ని కూడా చేర్చింది. మారదలచినవారు 30 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలి. తప్పు చేయలేదని రుజువు చేసుకోవలసిన భారం నిందితుడిదే. స్త్రీలు, మైనర్లు, ఎస్సీ, ఎస్టీల విషయంలో శిక్ష పదేళ్ళ వరకు ఉంది. ఈ నిర్వచనంతో చూస్తే ఒంగోలు కాలువ గట్టు మీద కూలి ఇప్పించిన బోధకుడూ, ఇవాళ వాడలో సాయంత్రపు ట్యూషన్ చెప్పే సంఘపు యువకుడూ ఒకే నేరానికి దగ్గరగా వస్తారు. 2023 జూన్ 15న సిద్ధరామయ్య మంత్రివర్గం రద్దుకు తీర్మానించినా, సమాధానం చెప్పవలసిన రాష్ట్రాల్లో కర్ణాటక ఉండనే ఉంది.

ముందస్తు నోటీసు నిబంధనను 2012లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. మనిషి తన నమ్మకాన్ని అధికారికి ముందుగా వెల్లడించనవసరం లేదన్నది ఆ తీర్పు సారాంశం. గుజరాత్ హైకోర్టు 2021లో ఆ రాష్ట్ర చట్టంలోని కొన్ని సెక్షన్ల అమలును నిలిపివేసింది. మధ్యప్రదేశ్ హైకోర్టు 2022లో ముందస్తు ప్రకటన సెక్షన్ కింద చర్యలు తీసుకోవద్దని ఆదేశించింది. సుప్రీంకోర్టు ముందున్న పిటిషన్లలో ముందస్తు నోటీసు, రుజువు భారం, ప్రలోభం నిర్వచనం మూడూ ఉన్నాయి.