అపోహలు - వాస్తవాలు: అబెనాకీ పెద్దాయన, ఆయన మాటల పుస్తకం

మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్న భాషలకు నిఘంటువులు కట్టడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ముందుగా జోసెఫ్ లోరాన్ (1839–1917) గురించి చెబుతాను. అబెనాకీలు ఉత్తర అమెరికా ఆదివాసులు, వాళ్ల భాష పేరూ అదే. కెనడాలోని క్యూబెక్‌లో ఒడనాక్ అనే అబెనాకీ ఊరికి ఆయన పెద్ద.

అపోహ: ఇలాంటి భాషలకు పుస్తకాలు రాసింది మిషనరీలూ దొరలే.

మిషనరీలు చాలానే రాశారు, కాదనను. మనకూ నిఘంటువు అనగానే బ్రౌన్ దొరే గుర్తొస్తాడు. కానీ 1884లో అబెనాకీ–ఇంగ్లీషు సంభాషణల పుస్తకం అచ్చువేయించింది లోరానే. అందులో పదాలు, వ్యాకరణం, చివర్లో నదులకూ ఊళ్లకూ ఆ పేర్లెలా వచ్చాయన్న వివరం కూడా ఉన్నాయి.

అపోహ: భాష చచ్చిపోతుందన్న బెంగతోనే రాసుంటారు.

నేనూ అలాగే అనుకున్నాను, ముందుమాట చదివేదాకా. తమ పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోవడం మొదటి ఉద్దేశమని ఆయన సూటిగా రాశారు. వ్యాకరణ పుస్తకం లేక భాష మెల్లగా మారిపోతోంది, దాన్ని ఆపాలన్నది ఆ తర్వాతి మాట. ఏ వేసవికి ఆ వేసవి ఒడనాక్ కుటుంబాలు బుట్టలు అల్లి, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ కొండల్లో టూరిస్టులకు అమ్ముకునేవి. అక్కడి ఇంటర్‌వేల్ అనే ఊరి దగ్గర వాళ్ల విడిదిని మొదలుపెట్టింది ఆయనే. బేరం ఇంగ్లీషులో కదా! మా రంగంలో ‘పరిరక్షణ’ అన్న మాట తెగ వాడతాం. ఆయన మాత్రం ముందు ఇంటి అవసరం చూశారు.

అపోహ: లోరాన్ ఫ్రెంచి పేరు, అబెనాకీలో ఆయనకు పేరే లేదు.

ఉంది, సోజప్ లోలో. అబెనాకీలో ‘ర’ లేదు, ‘ఫ’ లేదు. అందుకే లోరాన్ లోలో అయింది, జోసెఫ్ సోజప్ అయింది, మన పల్లెల్లో కాఫీ ‘కాపీ’ అయినట్టు. చివరి ‘లో’ను ముక్కుతో పలకాలి. అరసున్న ఇప్పటికీ వాడుకలో ఉంటే ‘లోఁ’ అని హాయిగా రాసేవాణ్ణి.

అపోహ: గిరిజన భాషలకు వ్యాకరణం పెద్దగా ఉండదు.

ఇది వింటే ఒళ్లు మండుతుంది. అబెనాకీలో ‘కియోన’ అంటే మనం, ‘నియోన’ అంటే మేము. ఇంగ్లీషువాళ్లకు రెండూ ఒకటే, విడమరిచి చెప్పేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. తెలుగువాళ్లకు రెండు నిమిషాలు చాలు. ఒడనాక్ చివరి ‘క్’ కూడా మన ‘లో’ లాంటిదే. ఆ పేరుకు ‘ఊళ్లో’ అని అర్థం.

అపోహ: పాత రాతప్రతిని అచ్చువేయడమంటే ఎత్తిరాయడమే.

లోరాన్ కొడుకు స్టీఫెన్‌ను అడిగితే నవ్వేవారేమో. ఒబెరి అనే జెసూట్ మతగురువు 18వ శతాబ్దంలో చేతిరాతతో వదిలిన ఫ్రెంచి–అబెనాకీ నిఘంటువును స్టీఫెన్ ఇంగ్లీషులోకి తెచ్చారు. ఒక్కో పాత మాట దగ్గర ఆగి, అది ఇంట్లో విన్న మాటేనా అని చూసుకోవాలి. తండ్రి పోయేనాటికి స్టీఫెన్ ఇంకా చిన్నపిల్లాడు. ఆ నిఘంటువు అచ్చయింది 1995లో.