కవలలు, బరువు తక్కువ బిడ్డలు: ఇంటి సలహాల్లో ఎంత నిజం?

కర్నూలులో చంటిపిల్లల వైద్యం చేస్తున్నాను. కవలల తల్లి నా దగ్గరికి వచ్చేసరికే ఇంట్లో నలుగురు నాలుగు సలహాలు చెప్పేసి ఉంటారు.

అపోహ: ఇద్దరికీ తల్లిపాలు చాలవు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. పాలు ఎంత తరచుగా తాగితే అంతగా ఊరుతాయి. ఇద్దరు తాగితే చాలామంది తల్లులకు ఇద్దరికీ సరిపడా వస్తాయి. ముందే డబ్బాపాలు అలవాటు చేస్తే బిడ్డలు రొమ్ము పట్టడం తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి. అప్పుడు ‘చాలవని ముందే చెప్పాం కదా’ అంటారు! నెలలు నిండక పుట్టి చప్పరించలేని బిడ్డకు తల్లి పాలే పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి. రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రుళ్లు కూడా. బాలింతకు సలహాల కన్నా రెండో బిడ్డను ఎత్తుకునే మనిషి అవసరం.

అపోహ: కవలలు సమానంగా పెరగాలి.

‘అక్క మూడు కిలోలు దాటింది, తమ్ముడు రెండున్నర దగ్గరే ఉన్నాడు’ అని కంగారు పడతారు. తల్లీబిడ్డల కార్డులో ఆడపిల్లకు, మగపిల్లాడికి పట్టికలే వేరు. ఎవరి గీత వారిది, అది పైకి వెళ్తోందా అన్నదే చూడాలి. తొలి రోజుల్లో కాస్త తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. తర్వాత రోజుకు సుమారు 20-30 గ్రాములు పెరిగితే సంతోషమే. రెండు నెలల ముందు పుట్టిన బిడ్డకు నాలుగు నెలలు నిండినా, ఎదుగుదలను రెండు నెలల బిడ్డతోనే పోల్చాలి. రెండేళ్ల దాకా ఇదే లెక్క. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే.

అపోహ: మన ఎండలకు నీళ్లు పట్టాలి, చలి భయం లేదు.

తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే. నీళ్లతో పొట్ట నిండితే పాలకు చోటుండదు. ఇక చలి సంగతి: కూలర్ ఎదుట పడుకోబెట్టిన రెండు కిలోల బిడ్డ మే నెలలోనూ చల్లబడుతుంది. పాలతో వచ్చిన శక్తి ఒంటిని వెచ్చబెట్టుకోవడానికే ఖర్చయితే బరువు ఎలా పెరుగుతుంది? బిడ్డను ఎదపై చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకోండి. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, బిడ్డలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చాలక మొదలైన ఈ కంగారూ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు పుట్టిన వెంటనే మొదలుపెట్టమంటోంది. నాన్న, నాయనమ్మ కూడా వంతులు వేసుకోవచ్చు.

తేనె, గ్రైప్ వాటర్, వీధిలో పిండి అమ్మే గాడిద పాలు: ఏవీ వద్దు.

అపోహ: తల్లిపాలు తాగుతుంటే మందుచుక్కలు దండగ.

కాదు. బిడ్డకు ఇనుము నిల్వలు చేరేది ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే. ముందే పుట్టిన బిడ్డకు ఆ నిల్వ తక్కువ. ఐరన్, విటమిన్ డి చుక్కలు డాక్టరు బరువును బట్టి రాసిచ్చిన మోతాదులో వేయాల్సిందే.

బిడ్డ పాలు తాగడం మానేసినా, పొట్ట, పాదాలు చల్లబడినా తదుపరి తూకం దాకా ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.