బియాస్ నదిలో దిగేముందు: అపోహలు - వాస్తవాలు

వేసవి సెలవులు రాగానే మనాలి, కుల్లు దారి పట్టే తెలుగు కుటుంబాలు చాలా ఉంటాయి. హిమాచల్‌లో ఆ దారి వెంట పారే బియాస్ మీద రాఫ్ట్ (గాలి నింపిన రబ్బరు పడవ) నడిపే గైడ్‌గా వాళ్ల నోట పదేపదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. గోదావరి, కృష్ణ చూస్తూ పెరిగినవాళ్లు అలా అనుకోవడం సహజమే. కానీ కొండ నది తీరు వేరు.

అపోహ: వాన లేదు, ఎండ కాస్తోంది. నీళ్లు ఎందుకు పెరుగుతాయి?

ఎండ కాస్తోంది కాబట్టే పెరుగుతాయి. మే, జూన్‌లలో బియాస్‌లో పారే నీటిలో పైకొండల మంచు కరిగి వచ్చేదే ఎక్కువ. మధ్యాహ్నపు ఎండకు కరిగిన నీరు వాగుల్లో పడి కుల్లు దాకా రావడానికి గంటలు పడుతుంది. పొద్దున తేలి ఉన్న రాళ్లు సాయంత్రానికి మునిగేది అందుకే. రాఫ్టింగ్‌కు పొద్దుటి స్లాటే తీసుకోండి. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు, సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఇరుకు లోయలో, నిటారు వాలులో ఆ వ్యవధి దొరకదు. ఎగువన కురిసిన వాన మనకు కనిపించదు కూడా.

అపోహ: డ్యామ్ దిగువన నీళ్లు తక్కువ, దిగినా ఏం కాదు

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఈ మాటే. 2014 జూన్ 8 సాయంత్రం మండి జిల్లా థలౌట్ దగ్గర, లార్జీ డ్యామ్‌కు దిగువన, హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్లతో వచ్చిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. డ్యామ్ నుంచి వదిలిన నీరు అది. డ్యామ్ కింద నది సగం ఎండినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ నీరంతా సొరంగంలోంచి పవర్‌హౌస్‌కు పోతుంటుంది. కరెంటు ఉత్పత్తి తగ్గించమన్నారంటే టర్బైన్లకు వెళ్లాల్సిన నీటిని ఆపాలి. జలాశయం చిన్నదైతే నిల్వకు చోటుండదు, గేట్లు ఎత్తాల్సిందే. ఆకాశం చూసి దీన్ని పసిగట్టలేం. సైరన్ మోగినా నీటి హోరులో వినిపించకపోవచ్చు.

అందుకే కొత్త చోట ఒడ్డు దిగేముందు ఎగువన డ్యామ్ ఉందేమో స్థానికులను అడగండి. నది మధ్య బండ మీద ఫొటో ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. నీరు పెరిగితే ముందు మునిగేది ఒడ్డుకు వచ్చే దారే. ఒడ్డున కూర్చున్నా నీటి అంచున ఒక రాయిని గుర్తుపెట్టుకోండి. అది మునిగినా, తేటనీరు బురదరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే పైకెక్కండి. చెప్పుల కోసం, ఫోన్ కోసం వెనక్కి రావద్దు.

అపోహ: ఈత వచ్చు, పైగా మోకాలి లోతే

ప్రవాహ వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే నీరు వెనకనుంచి మనిషిని వంచేస్తుంది, తల పైకి లేవనివ్వదు. రాఫ్ట్ నుంచి పడితే నిలబడొద్దు. వెల్లకిలా తేలుతూ కాళ్లు దిగువవైపు చాపి, కాలివేళ్లు నీటిపైన కనిపించేలా ఉంచండి. మంచునీటిలో పడగానే ఊపిరి ఎగదన్నుతుంది, కాసేపటికి చేతులు మొద్దుబారతాయి. గాలి కలిసిన నురగనీటిలో తేలడం ఎంత ఈతగాడికైనా కష్టమే. లైఫ్ జాకెట్ బకిళ్లన్నీ బిగించుకోండి.

అపోహ: నీళ్లు ఎక్కువుంటే మజా, తక్కువుంటే సులువు

తక్కువ నీటిలో రాళ్లు బయటపడి రాఫ్ట్ వాటికి అతుక్కుపోతుంది. ఎక్కువ నీటిలో చిన్న ర్యాపిడ్లు (రాళ్ల మీదుగా నీరు ఉరకలేసే చోట్లు) మునిగిపోతాయి గానీ పెద్దవి ఇంకా ఉగ్రమవుతాయి. పడినవాళ్లను అందుకోవడానికి ఒడ్డు పక్కన ఉండే నిదానపు నీరు మాయమవుతుంది. హిమాచల్‌లో జులై 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు రాఫ్టింగ్ నిషేధం ఉన్నది ఇందుకే. 2023 జులైలో ఇదే బియాస్ కుల్లు-మనాలి రోడ్డును చాలాచోట్ల కోసుకుపోయింది. ఆ రెండు నెలల్లో ఎవరైనా తీసుకెళ్తామన్నా వెళ్లొద్దు. మిగతా రోజుల్లోనూ నీటిమట్టం చూసి గైడ్ ట్రిప్ ఆపితే, డబ్బు కట్టాం కదా అని బతిమాలొద్దు. వాపసు అడగండి, లేదా మర్నాడు పొద్దుటికి మార్చమనండి.