గోపాల్‌పూర్ చందమామ: తగాదా ఎక్కడ మలుపు తిరిగింది?

కార్తీక పౌర్ణమితో గంజాం జిల్లాలో పాత తగాదా మళ్లీ రేగింది. గోపాల్‌పూర్ తీరంలో సముద్రం మీద లేచిన చందమామ కంటికి ఇత్తడి పళ్లెమంత ఉంటే, ఫోనులో చిన్న చుక్కగా పడింది. ఫోను పాడు చేసిందని కొందరు, కన్నే మోసం చేసిందని ఇంకొందరు. ఈ వాదన బరంపురం తెలుగు ఇళ్లలోనూ, ఒడియావారు నోలియాలని పిలిచే మన మత్స్యకారుల గుడిసెల ముందూ సాగుతోంది.

లేచే చంద్రుడు నడినెత్తి చంద్రుడికంటే పెద్దగా ఎందుకు కనిపిస్తాడన్న దానిపై గ్రీకుల నాటి ముచ్చట్లన్నీ ఇక్కడ తిరగదోడనవసరం లేదు. ఒక్కటి మాత్రం ఇంకా బతికే ఉంది: సముద్రపు ఆవిరి భూతద్దంలా చంద్రుణ్ణి పెద్దది చేస్తుందని. ప్రాచీన ఖగోళవేత్త టోలెమీ నాటి ఆ మాట నిలవదు. దిగువ గాలి చంద్రబింబాన్ని పైనుంచి కిందికి కాస్త నొక్కుతుందే తప్ప పెంచదు. పైగా ఉదయించే చంద్రుడు నడినెత్తికి వచ్చినప్పటికంటే సుమారు 6,400 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటాడు. అంటే కొలతకు ఒకటిన్నర శాతం చిన్నవాడే.

అసలు మలుపు 11వ శతాబ్దంలో వచ్చింది. కైరోలో పనిచేసిన అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైథమ్ ప్రశ్నను ఆకాశం నుంచి మనసులోకి మార్చాడు. మధ్యలో నేల, చెట్లు, ఇళ్లు కనబడితే దిగంతం దూరమనిపిస్తుంది; అంతే కోణంలో కనిపించే వస్తువును దూరాన ఉన్నదనుకుంటే మనసు పెద్దదిగా లెక్కగడుతుంది. 1962లో కాఫ్‌మన్, రాక్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కృత్రిమ చంద్రబింబాలతో దీన్ని పరీక్షించారు. నేల దృశ్యాన్ని కప్పేస్తే ఆ పెద్దతనం పోయింది.

తీరంలోనే చూడవచ్చు. చేయి బారుగా చాపి కందిగింజ పట్టుకోండి. ఉదయించే చంద్రుడూ, నడినెత్తి చంద్రుడూ దాని వెనకే దాక్కుంటాడు. కాగితం గొట్టంలోంచి చూస్తే పళ్లెం చటుక్కున కుంచించుకుపోతుంది.

అందుకే మన మత్స్యకార పెద్దలను తెలియనివారని కుర్రవాళ్లు ఎగతాళి చేయడం బాధ కలిగిస్తుంది. వాళ్లు చూసింది చూసినట్టే చెబుతున్నారు. ఈ తప్పు ఏ ఒక్కరి కంటిదీ కాదు, చూపు పనిచేసే తీరే అది. గొట్టం సంగతి తెలిశాక కూడా చంద్రుడు నాకు పెద్దగానే కనిపిస్తున్నాడు.

పెద్దలు మరో మాట కూడా అంటారు: లేచే చంద్రుడు పడవకు అందేంత దగ్గరగా ఉన్నాడని. దూరమనిపించడం వల్లే పెద్దగా కనిపిస్తాడన్న వివరణకు ఇది సరిగ్గా ఎదురు. ఆ చిక్కుముడి పరిశోధకులకూ ఇంకా పూర్తిగా విడలేదు.