కందిన లోహం రంగు: మోడల్ విమానాల ఎగ్జాస్ట్ గురించి అపోహలు – వాస్తవాలు

చాలా ఏళ్ళుగా 1/72, 1/48 స్కేళ్ళలో (అసలు కొలతలో 72వ, 48వ వంతు) విమానాల మోడళ్ళు చేస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారు రెక్కలకూ కాక్‌పిట్‌కూ వారాల తరబడి శ్రమపడి, ఎగ్జాస్ట్ (ఇంజన్ వాయువు బయటికి వచ్చే భాగం) దగ్గరికి వచ్చేసరికి గన్‌మెటల్ అనే ముదురు బూడిద లోహపు రంగు ఒక పూత పూసి వదిలేయడం చూస్తే బాధ కలుగుతుంది. విమానంలో మిగతా రంగులన్నీ మనుషులు వేసినవి. ఎగ్జాస్ట్ రంగు మాత్రం వేడి వేసినది. కాబట్టి సీసా మూత తీసే ముందే అక్కడ ఎంత వేడి, ఏ లోహం, ఏ ఇంధనం అని అడగాలి.

అపోహ: హారియర్ జెట్ యుద్ధ విమానపు నాలుగు నాజిళ్ళకూ (గాలి, వాయువు వెలువడే మూతులకూ) ఒకే కాలిన రంగు వేయాలి.

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే పొరపాటు ఇది. హారియర్‌కు నౌకాదళ రూపమైన సీ హారియర్‌లో ఉన్నది పెగాసస్ అనే ఒకే ఇంజన్. దాని ముందు జత నాజిళ్ళ నుంచి వచ్చేది ఫ్యాన్ నెట్టిన గాలి మాత్రమే. అది ఇంధనం మండే చోటికి వెళ్ళదు. వెనుక జత నుంచి వచ్చేది మండిన వాయువు, సుమారు 650 డిగ్రీల సెల్సియస్. ముందు నాజిళ్ళకు నీలం, ఊదా పూస్తే ఆ ఇంజన్ పనిచేసే తీరునే తప్పుగా చూపినట్లు. కాలిన రంగంతా వెనుక జతకూ, దాని వెనుక విమానం ఒంటికి బిగించిన వేడి కవచపు రేకుకూ దాచుకోండి. అక్కడ కూడా మెరిసే నీలం కంటే గోధుమ, బూడిద కలిసిన ముదురు లోహపు ఛాయే నప్పుతుంది.

మన నౌకాదళం 1983 నుంచి 2016 వరకు నడిపిన ఈ విమానాల్లో ఒకటి విశాఖ బీచ్ రోడ్డులో ప్రదర్శనలో ఉంది. నాజిళ్ళ ఆకారం, అతుకులు, రేకుల అమరిక తెలుసుకోవడానికి అలా ఎదురుగా నిలబడి చూడటాన్ని మించినది లేదు. మరకల విషయంలో మాత్రం సర్వీసులో ఉన్నప్పటి ఫోటోలనే నమ్మండి. ప్రదర్శన విమానాలకు మళ్ళీ రంగులు వేస్తుంటారు.

అపోహ: నీలం, ఊదా ఎక్కడ చల్లినా కాలినట్లే కనిపిస్తుంది.

స్టీలు గిన్నెను పొయ్యి మీద మరచిపోయినప్పుడు అడుగున ఏర్పడే రంగులు గుర్తు చేసుకోండి. మోటారు సైకిల్ సైలెన్సర్ వంపునైనా గమనించండి. ఇంజన్‌కు దగ్గరగా నీలం, దూరం జరిగే కొద్దీ ఊదా, గోధుమ, చివరికి లేత పసుపు. ఈ వరస తారుమారు కాదు. వేడికి లోహం మీద పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర మందాన్ని బట్టి కాంతి రంగు మారి కనిపిస్తుంది. మామూలు ఉక్కు 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగుకూ, 300 దగ్గర నీలానికీ తిరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అంత నీలం తేలాలంటే 500 దాటాలి.

అందువల్ల ఇక్కడ చిక్కటి రంగు పనికిరాదు. కింది లోహం కనబడాలి. నేను తమియా కంపెనీ పారదర్శక రంగులు వాడతాను: ఎక్స్-26 నారింజ, ఎక్స్-23 నీలం, ఎక్స్-19 స్మోక్. థిన్నర్ బాగా ఎక్కువగా కలిపి, ఎయిర్‌బ్రష్ పీడనం తగ్గించి, ముందు నారింజను వెడల్పాటి పట్టీగా వేస్తాను. దాని లోపల, వేడి వైపున, సన్నగా నీలం. రెండూ కలిసిన చోట ముదురు ఛాయ దానంతటదే వస్తుంది. ఒక్కో పూత తర్వాత ఆగి, దూరం నుంచి చూడండి. చాలదేమో అనిపించిన దగ్గరే ఆపేయడం మంచిది. వెల్డింగ్ అతుకుల వెంట రంగు కాస్త ముదరాలి. పక్కపక్క రేకులకు మాస్కింగ్ టేపు వేసి ఛాయ కొద్దిగా మార్చితే నాజిల్‌కు ప్రాణం వస్తుంది.

అపోహ: పాత పిస్టన్ ఇంజన్ విమానాల గొట్టాలు తుప్పు రంగులో, మరకలు నల్లగా ఉండాలి.

గొట్టం గోధుమ రంగు నిజమే, కానీ అది వానకు పట్టిన తుప్పు కాదు. వేడికి కట్టిన పెచ్చు. నారింజ తుప్పు పొడి అద్దితే పాడుబడ్డ బండిలా కనిపిస్తుంది. ఇక మరక సంగతి. రెండో ప్రపంచ యుద్ధపు స్పిట్‌ఫైర్, మస్టాంగ్ యుద్ధ విమానాల కాలపు పెట్రోలులో సీసం కలిపేవారు. ఇంజన్‌లో గాలితో కలిసే ఇంధనం పాలు తగ్గించి ఎక్కువసేపు ఎగిరితే సీసం లేత బూడిద, ఇసుక రంగు పొడిగా పేరుకునేది. ఇంధనం పాలు ఎక్కువైతే నల్లటి మసి. అందుకే నేను ముందు నల్ల చారను వెడల్పుగా, దాని నడుమ లేత బూడిద చారను సన్నగా వేస్తాను. చార గాలి పోయే దారిలోనే సాగాలి.

అపోహ: ఏ లోహపు రంగు కిందైనా మెరిసే నలుపు ఉండాలి.

క్రోమ్‌లా తళతళలాడే ఛాయలకే అది అవసరం. ఆల్‌క్లాడ్ కంపెనీ లోహపు రంగుల్లోని జెట్ ఎగ్జాస్ట్ వంటి ముదురు రంగులకు మామూలు బూడిద ప్రైమర్ (అడుగు పూత) చాలు.

అపోహ: చివర వార్నిష్ వేస్తే రంగు భద్రం.

లోహపు మెరుపు మందగిస్తుంది, అద్దిన పొడులు సగం మాయమవుతాయి. నాజిల్‌ను విడిగా రంగు వేసి, అన్ని పనులూ అయ్యాక చివరగా అతికించండి. అప్పుడు వార్నిష్ అవసరమే రాదు.

అపోహ: లాక్కర్ (ఘాటైన థిన్నర్‌తో పలుచన చేసే రంగు) త్వరగా ఆరుతుంది కాబట్టి ఏ వాతావరణంలోనైనా వేయవచ్చు.

సముద్రతీరంలో ఉండేవారు ఇది నమ్మవద్దు. ఒక వానాకాలం సాయంత్రం నేను వేసిన నల్ల లాక్కర్ మీద పాలలాంటి తెల్లటి పొర పట్టింది. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. తోమేయకండి. పొడి వాతావరణం ఉన్న రోజు వరకు ఆగి, నెమ్మదిగా ఆరే థిన్నర్‌ను మంచులా పలుచగా చల్లితే చాలాసార్లు ఆ పొర కరిగిపోతుంది.