గిటారుకి ఉక్కపోస్తే

పిల్లలూ,

ఆమధ్య హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి ఒకటే గొడవ. "మావయ్యా, ఎలక్ట్రిక్ గిటార్ చెయ్యి కోసేస్తోంది, షాపువాడు మోసం చేశాడు" అని. వీడియో కాల్‌లో చూపించమన్నాను. నెక్, అంటే చేత్తో పట్టుకునే పొడుగాటి మెడ, దాని అంచు వెంట బొటనవేలు జరిపితే ప్రతి ఫ్రెట్ (అడ్డంగా బిగించిన లోహపు పట్టీ) దగ్గరా చేప ముల్లు గుచ్చుకున్నట్టు ఉందట. ఆ గిటార్ కిందటి ఆగస్టులో ఇక్కడ వైజాగ్‌లో, నా ముందే కొన్నాడు. అప్పుడు అంచు నున్నగా ఉంది, నేనే తడిమి చూశాను. కాబట్టి షాపువాణ్ణి వదిలెయ్యమన్నాను.

జరిగిందేంటంటే, చెక్క తేమ పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అది కూడా పొడుగు వైపు దాదాపు ఏమీ ఉండదు, అంతా అడ్డంగానే. వానాకాలంలో తలుపు బిగుసుకుని ఎండాకాలంలో వదులవుతుందే, అదే సంగతి. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం కంటే కిందకి కూడా పోతుంది. నెక్ మీద ఫ్రెట్లు బిగించిన చెక్క పలకని ఫింగర్‌బోర్డు అంటారు, దాని వెడల్పులో వెంట్రుకవాసి తగ్గింది, లోహపు ఫ్రెట్లు మాత్రం తగ్గవు కదా, కొసలు బయటికి వచ్చాయి. అంతే.

"ఎలక్ట్రిక్ గిటార్‌కి తేమతో పనేంటి, అది అకూస్టిక్ వాళ్ళ టెన్షన్" అనేవాళ్ళు చాలామంది. సగం నిజమే. అకూస్టిక్ అంటే కరెంటు అక్కర్లేని బోలు గిటార్, దాని పైచెక్క సుమారు 3 మిల్లీమీటర్ల పలక, ఎండితే పగులుతుంది. మనది దిట్టమైన చెక్క, పైన పెయింటు, బాడీకి అంత తొందరగా ఏమీ కాదు. కానీ నెక్ చెక్కే, రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు మీద అయితే పూత కూడా ఉండదు. ఇక తీగలు, వాటిని బాడీ మీద ఆనించే బ్రిడ్జి, స్క్రూలు, వైరు గుచ్చే జాక్, వాల్యూమ్ నాబ్ కింద ఉండే పాట్ ఇవన్నీ లోహం, మా సముద్రపు గాలికి ఇష్టమైన మేత.

గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే నిశ్చింతగా వాయించుకోండి. 63 వచ్చిందని నిద్ర పాడుచేసుకోవద్దు. చెక్కని బాధపెట్టేది రోజుకో రకంగా మారిపోయే గాలి.

తేమ కొలిచే మీటరు కొంటారు సరే, దాని మాట నమ్మేముందు ఒక్క పరీక్ష పెట్టండి. సీసా మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్ళు వేసి తడి ఇసుకలా చెయ్యండి, కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటరునీ జిప్ కవర్లో పెట్టి, గాలి పోకుండా మూసి, రాత్రంతా వదిలెయ్యండి. తడి ఉప్పు పైన గాలి సరిగ్గా 75 శాతం దగ్గర నిలబడుతుంది, గది చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా పెద్ద తేడా రాదు. నా పాత మీటరు అందులో 62 చూపించింది! అంటే 13 తక్కువ చెబుతోంది. రెండు వానాకాలాలు అది 55 అంటుంటే ఆహా అనుకున్నాను, గదిలో ఉన్నది 68. ఈలోగా బ్రిడ్జి మీద ఒక్కో తీగని మోసే సాడిల్ స్క్రూలు తుప్పుపట్టి, అలెన్ కీ పెట్టి తిప్పితే తలలు అరిగిపోయాయి. వాటిని ఊడబెరకడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది, మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఏసీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, తీరప్రాంతంలో ఉన్నవాళ్ళు జాగ్రత్తగా వినండి. ఏసీ గాలిలోని నీటిని లాగేస్తుంది, మంచిదే. కానీ రాత్రంతా 20 డిగ్రీల్లో ఉన్న గిటార్‌ని పొద్దున్నే ఉక్కపోతలోకి పట్టుకెళ్ళారనుకోండి, ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకి పట్టినట్టే తీగలకీ, వాటి కింద శబ్దాన్ని అందుకునే పికప్‌లకీ నీళ్ళు పట్టేస్తాయి. అందుకని బయటికి తీసుకెళ్ళేటప్పుడు చల్లటి గదిలోనే కేసులో పెట్టి మూసేసి, వెళ్ళాక గంటో గంటన్నరో ఆగి తెరవండి. ప్రోగ్రామ్ ఉంటే ముందే బయల్దేరండి, వేరే దారి లేదు.

మిగతా జాగ్రత్తలు పెద్దవేం కావు. వానాకాలంలో చెమ్మెక్కే బయటి గోడకి గిటార్ తగిలించొద్దు. కేసులో సిలికా జెల్ సంచి వెయ్యండి, నారింజ రంగు గింజలవి తీసుకుంటే తేమ నిండాక ఆకుపచ్చగా మారి చెబుతాయి. వాయించాక పాత బనీను ముక్కతో తీగలు పైనా కిందా తుడవండి, చెమటలోనూ ఉప్పే ఉంది. హైదరాబాద్, అనంతపురం వైపు వాళ్ళకి కథ తిరగబడుతుంది. బెజ్జాలు పెట్టిన సబ్బుపెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టి కేసులో ఉంచండి, ఒక్క చుక్క కూడా కారకూడదు. కూలర్ గాలి మాత్రం సూటిగా గిటార్ మీదకి కొట్టనివ్వొద్దు.

తీగలు బర్రుమంటే వెంటనే ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే లోహపు కడ్డీ) మీద పడకండి. ఆరో తీగని, అంటే అన్నిటికంటే లావు తీగని, మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టుకుని, ఏడో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి. పావు మిల్లీమీటరు అటూఇటూ ఉంటే నెక్ బాగానే ఉంది, గోల ఇంకెక్కడినుంచో వస్తోంది. వాతావరణం మారినప్పుడు ఓ వారం ఆగండి, చాలాసార్లు అదే సర్దుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే సరైన సైజు కీతో ట్రస్ రాడ్‌ని ఎనిమిదో వంతు చుట్టు తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ చూడండి. బిగుసుకుంటే ఆపేసి తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

మా వాడి మీటరు ఉప్పు కవర్లో 71 చూపించింది. గదిలో 28 అంటోంది కాబట్టి అసలు లెక్క 32 అన్నమాట. ఫ్రెట్ కొసలు అరగదీయించేస్తానన్నాడు. ముందు మూడు వారాలు స్పాంజితో కేసులో పెట్టరా, అప్పటికీ గుచ్చుకుంటే చూద్దాం అన్నాను. నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు, ముల్లు తగ్గిందట గానీ స్పాంజి వాసనొస్తోందట. ఉతకాలిరా నాయనా అన్నాను.

మీ మావయ్య