ఎవరి ఉప్పు తింటున్నారు? దుష్ప్రచారంపై పోరుకు గ్రాంట్లు వచ్చిన దారి

1983 జులైలో ఢిల్లీ నుంచి వెలువడే 'పేట్రియట్' అనే ఇంగ్లిష్ దినపత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినవారి పేరు లేదు. 'ప్రముఖ అమెరికన్ శాస్త్రవేత్త, మానవశాస్త్ర నిపుణుడు' అని మాత్రం ఉంది. ఎయిడ్స్‌ను మేరీలాండ్‌లోని ఫోర్ట్ డెట్రిక్ సైనిక ప్రయోగశాలలో అమెరికాయే తయారుచేసిందనీ, ఆ ప్రయోగాలు ఇక పాకిస్తాన్‌కు మారబోతున్నాయనీ దాని సారాంశం. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండేళ్లు గడిచాక, 1985 అక్టోబర్‌లో, మాస్కో వారపత్రిక 'లిటెరటూర్నయా గజెటా' ఆ ఢిల్లీ ఉత్తరాన్నే ఆధారంగా చూపించి కథను మళ్లీ ఎత్తుకుంది. 1987 నాటికి అది 80కి పైగా దేశాల్లో, 30కి పైగా భాషల్లో తిరిగింది. చివరికి 1992లో రష్యా విదేశీ గూఢచారి సంస్థ అధిపతి యెవ్‌గెనీ ప్రిమకోవ్, ఆ కట్టుకథ సోవియట్ గూఢచారుల పనేనని ఒప్పుకున్నాడు.

ఈ కథ జాడ పట్టుకున్నది వాషింగ్టన్‌లో ఒక చిన్న బృందం. 1981లో అమెరికా విదేశాంగ శాఖ కింద ఏర్పడిన 'యాక్టివ్ మెజర్స్ వర్కింగ్ గ్రూప్'. 'యాక్టివ్ మెజర్స్' అంటే సోవియట్ చాటు ప్రచారాలు. పేరు ఘనమే కానీ మనుషులు బహు తక్కువ. వేర్వేరు శాఖల నుంచి వచ్చి కూర్చుని, ఏ దేశంలో ఏ పత్రిక ఏ వారం ఏం అచ్చేసిందో పేర్చుకుంటూ పోయేవారు. 1987లో వాళ్లు వేసిన నివేదిక సోవియట్ నేత గోర్బచేవ్‌కు ఎంత గుచ్చుకుందంటే, అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ షుల్జ్ మాస్కో వెళ్లినప్పుడు దాన్ని ఎదుటే పెట్టి కోప్పడ్డాడు. ఆ ఏడాదే సోవియట్ శాస్త్రవేత్తలు ఎయిడ్స్ కథతో తమకు సంబంధం లేదని చెప్పడం మొదలుపెట్టారు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది, బృందమూ పోయింది. ప్రచార వ్యవహారాలు చూసే అమెరికా సమాచార సంస్థను కూడా 1999లో విదేశాంగ శాఖలో కలిపేశారు. జ్వరం తగ్గగానే మందు సీసా పారేసినట్టు.

ఇదంతా ప్రభుత్వం తన జీతగాళ్లతో తానే చేసుకున్న పని. ప్రభుత్వం బయటి మేధావులకూ సంస్థలకూ డబ్బిచ్చి పలు దేశాల్లో పని చేయించడం అంతకన్నా పాతది, అంతకన్నా చిక్కులు తెచ్చిపెట్టింది. 1950లో బెర్లిన్‌లో పుట్టిన 'కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్' రచయితలను, ఆచార్యులను ఖండాలు దాటించి కలిపేది. సదస్సులు పెట్టేది, పత్రికలు నడిపేది. 1951లో దాని భారత సదస్సు బొంబాయిలో జరిగింది. గౌరవాధ్యక్షుల్లో జయప్రకాశ్ నారాయణ్ ఒకరు. 1966, 67లలో అసలు సంగతి బయటపడింది: ఖర్చులో చాలా భాగం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏది. వ్యాసాలు రాసిన చాలామందికి ఆ విషయమే తెలియదు. రాసినవి నిజాలైనా, తిన్న ఉప్పు ఎవరిదో తెలిశాక నిజానికి కూడా మచ్చ పడింది.

1976లో, ఎమర్జెన్సీ కాలంలో, మన దేశంలో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వచ్చిన వెనుక విదేశీ డబ్బు మీద అప్పటికే పేరుకున్న ఈ అనుమానం కూడా ఉంది. అమెరికాలోనేమో దానికి విరుగుడుగా వేరే ఆలోచన పుట్టింది. చాటుగా ఇస్తేనే కదా గొడవ, అందరికీ కనపడేలా ఇద్దామని. అలా 1983లో 'నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ' వచ్చింది. పార్లమెంటు పద్దులోంచే డబ్బు, పద్దు బహిరంగం. ఢిల్లీ ఉత్తరం అచ్చయిన ఏడాదే ఇది పుట్టడం కాకతాళీయం.

ఇప్పుడు మనం చూస్తున్న గ్రాంట్ల వ్యవస్థకు మాత్రం 2014 మొదలు. ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా ఆక్రమిస్తున్న మార్చిలోనే కీవ్‌లో మొహిలా అకాడమీ జర్నలిజం అధ్యాపకులు, విద్యార్థులు 'స్టాప్‌ఫేక్' మొదలుపెట్టారు. జులైలో తూర్పు ఉక్రెయిన్ మీద మలేషియా విమానం ఎంహెచ్17 కూలింది. ఎవరు కూల్చారన్నదానికి రోజుకో కట్టుకథ బయల్దేరింది. 2015 మార్చిలో ఐరోపా సమాఖ్య దేశాల అధినేతలు రష్యా దుష్ప్రచారాన్ని ఎదుర్కోవడానికి 'ఈస్ట్ స్ట్రాట్‌కామ్ టాస్క్ ఫోర్స్' పెట్టాలని తీర్మానించారు. మొదట్లో దానికంటూ ప్రత్యేకించిన నిధి లేదు. దుష్ప్రచారాన్ని ఎదుర్కొనే పనికి సమాఖ్య విదేశాంగ విభాగం మొత్తం పద్దు 2018లో 19 లక్షల యూరోలు, 2019లో 50 లక్షలు. ఇంత పెద్ద సమాఖ్యకు అది చిల్లరే.

ఒక దేశపు సంస్థ ఒంటరిగా ఈ పని ఎందుకు చేయజాలదో 2016 జనవరిలో బెర్లిన్‌లో తేలింది. రష్యన్ మూలాలున్న 13 ఏళ్ల బాలిక ఒక రాత్రంతా ఇంటికి రాలేదు. వలసవాసులు ఎత్తుకెళ్లి అత్యాచారం చేశారని రష్యా ప్రభుత్వ టీవీ 'చానల్ వన్' చెప్పింది. ఆ అమ్మాయి తెలిసినవాళ్లింట్లో ఉందని పోలీసులు ఫోన్ ఆధారంగా తేల్చారు. అప్పటికే జర్మనీలోని రష్యన్ భాషీయులు వీధుల్లోకి వచ్చేశారు. రష్యా విదేశాంగ మంత్రి లవ్‌రోవ్ 'మన అమ్మాయి' అంటూ జర్మన్ అధికారులు నిజం దాస్తున్నారన్నట్టు మాట్లాడాడు. టీవీ ఒక దేశానిది, ప్రేక్షకులు ఇంకో దేశంలో, భాష మూడోవాళ్లకు అర్థం కాదు. బెర్లిన్ పరిశోధకుడికి రష్యన్ వచ్చినవాడి సాయం కావాలి. ఆ కథే స్లోవాక్‌లోనో హంగేరియన్‌లోనో తిరిగితే బ్రటిస్లావా, బుడాపెస్ట్‌లలో చూసేవాళ్లు కావాలి.

ఇక్కడే మధ్య ఐరోపా ముందుకొచ్చింది. చెకియా, హంగరీ, పోలండ్, స్లోవాకియా కలిసి 2000లో పెట్టుకున్న విషెగ్రాడ్ ఫండ్ కార్యాలయం బ్రటిస్లావాలో ఉంది. నాలుగు ప్రభుత్వాలూ సమానంగా డబ్బు వేస్తాయి. దాని సాధారణ గ్రాంటుకు షరతు ఒకటి: ఈ దేశాల్లో కనీసం మూడింటి నుంచి సంస్థలు కలిసి రావాలి. సంస్కృతి, విద్య, యువజన కార్యక్రమాల కోసం పెట్టిన ఈ చట్రంలోనే థింక్ ట్యాంకుల (విధాన పరిశోధనా సంస్థల) జోడింపూ జరిగింది, దుష్ప్రచారం మీద అధ్యయనాలకూ చోటు దొరికింది. ప్రాగ్‌లో 'యూరోపియన్ వేల్యూస్', బ్రటిస్లావాలో 'గ్లోబ్‌సెక్', బుడాపెస్ట్‌లో 'పొలిటికల్ క్యాపిటల్' అప్పటికే ఈ రంగంలో పేరున్నవి. 2017 చివర్లో వాషింగ్టన్‌లోని నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ పోలండ్, స్లోవాకియాలతో పాటు అర్జెంటీనా, పెరూ పరిశోధకులనూ కలిపి, రష్యా, చైనాల ప్రభావం మీద ఒకే నివేదిక వేసింది. 'షార్ప్ పవర్' (మెప్పించి కాక, చొరబడి తిప్పుకునే ప్రభావం) అనే మాట అందులోంచే వాడుకలోకి వచ్చింది.

ఇలాంటి నివేదిక చేతికొస్తే నేను ముందు చివరి పేజీ చూస్తాను. లోగోల వరుస ఉంటుంది కదా, అది. సారాంశం కన్నా అదే ఎక్కువ చెబుతుంది. ఒక గ్రాంటు రావాలంటే ముందు పిలుపు వస్తుంది, భాగస్వాములను వెతుక్కోవాలి, ఒకరు పెద్దగా నిలబడి సంతకం పెట్టాలి, పని ఫలితాలను లెక్కల్లో చూపించాలి, ఆడిట్‌కు రసీదులు దాచాలి. ఐరోపా సమాఖ్య కార్యక్రమాలు చాలావాటిలో అద్దె, కరెంటు, ఆఫీసు ఖర్చుల కింద ఇచ్చేది నేరుగా పనికయ్యే ఖర్చు మీద 7 శాతం. ఎవరైనా పరువు నష్టం దావా వేస్తే లాయరు ఫీజు ఆ 7 శాతంలోంచే రావాలి. ప్రాజెక్టు ఏడాదిలోనో రెండేళ్లలోనో ముగుస్తుంది. ఢిల్లీ ఉత్తరం ఒప్పుకోలు దాకా రావడానికి తొమ్మిదేళ్లు పట్టిందని గుర్తుంచుకుంటే, ఈ గడువుల పొట్టితనం తెలుస్తుంది.

అమెరికా మళ్లీ రంగంలోకి దిగింది 2016లో. ఉగ్రవాద ప్రచారాన్ని ఎదుర్కోవడానికి పెట్టిన 'గ్లోబల్ ఎంగేజ్‌మెంట్ సెంటర్' బాధ్యతల్లోకి విదేశీ ప్రభుత్వాల దుష్ప్రచారాన్నీ చేరుస్తూ ఆ ఏడాది డిసెంబర్‌లో చట్టం వచ్చింది. పౌర సంస్థలకు, పరిశోధనా కేంద్రాలకు గ్రాంట్లిచ్చే వీలూ అందులో ఉంది. తీరా విదేశాంగ మంత్రి రెక్స్ టిల్లర్‌సన్ హయాంలో డబ్బు కదల్లేదు. 2016 చివరి నుంచి కేటాయించిన 12 కోట్ల డాలర్లలో ఒక్క డాలరూ ఖర్చు కాలేదనీ, కేంద్రంలోని 23 మంది విశ్లేషకుల్లో రష్యన్ వచ్చినవాళ్లు ఒక్కరూ లేరనీ 2018 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ రాసింది. పెళ్లికి డబ్బు కట్టి, పురోహితుణ్ణి పిలవడం మరిచిపోయినట్టు.

డబ్బు కదిలాక వేరే తంటా వచ్చింది. బ్రిటన్‌లో అది ముందే కనిపించింది. 2018 చివర్లో 'ఇన్‌స్టిట్యూట్ ఫర్ స్టేట్‌క్రాఫ్ట్' అనే స్వచ్ఛంద సంస్థ ఫైళ్లను హ్యాకర్లు బయటపెట్టారు. అది నడిపే 'ఇంటిగ్రిటీ ఇనిషియేటివ్'కు బ్రిటన్ విదేశాంగ శాఖ రెండేళ్లలో 20 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చింది. దేశదేశాల్లో నిపుణుల బృందాలను అల్లి రష్యా దుష్ప్రచారాన్ని ఎదుర్కోవడం దాని పని. దాని ట్విటర్ ఖాతాలోనేమో ప్రతిపక్ష నేత జెరెమీ కార్బిన్‌ను తప్పుపట్టే పోస్టులు కనిపించాయి. పార్లమెంటులో రభస జరిగింది. హ్యాకింగ్ వెనుక రష్యా ఉందా అన్నది ఒక ప్రశ్న. ప్రజల పన్నుతో నడిచే సంస్థ స్వదేశీ ప్రతిపక్షం మీద ఎందుకు వ్యాఖ్యానించిందన్నది ఇంకొకటి. మొదటిదాన్ని అడ్డుపెట్టి రెండోదాన్ని దాటవేయలేం.

అమెరికాలో ఇదే మరింత పెద్ద ఎత్తున జరిగింది. లండన్ కేంద్రంగా ఉన్న 'గ్లోబల్ డిస్ఇన్ఫర్మేషన్ ఇండెక్స్'కు ఎంగేజ్‌మెంట్ సెంటర్ లక్ష డాలర్లు ఇచ్చింది. ఆ సంస్థ ప్రకటనకర్తల కోసం తయారుచేసిన ప్రమాదకర వెబ్‌సైట్ల జాబితాలో అమెరికా కన్జర్వేటివ్ పత్రికలున్నాయని 2023లో తేలింది. డబ్బు ఇచ్చింది వేరే పనికని అధికారులు చెప్పినా ఎవరు వింటారు? రెండు వార్తాసంస్థలు, టెక్సస్ రాష్ట్రం కలిసి విదేశాంగ శాఖ మీద కేసు వేశాయి. చట్టసభ గడువు పొడిగించకపోవడంతో 2024 డిసెంబర్ 23న సెంటర్ మూతపడింది. దాని స్థానంలో పెట్టిన చిన్న విభాగాన్నీ 2025 ఏప్రిల్‌లో విదేశాంగ మంత్రి మార్కో రూబియో ఎత్తేశాడు. అప్పటికే జనవరి 20న విదేశీ సాయం మొత్తాన్ని 90 రోజులు ఆపుతూ ట్రంప్ ఉత్తర్వు వచ్చింది. ఉక్రెయిన్ నుంచి బాల్కన్ల దాకా స్వతంత్ర పత్రికలు, పరిశోధనా సంస్థలు ఒక్క వారంలో జీతాలకు వెతుక్కునే స్థితికొచ్చాయి. 1983 నుంచి నడుస్తున్న ఎండోమెంట్ కూడా తన నిధుల కోసం కోర్టుకెక్కింది.

థింక్ ట్యాంకు అనే వేషానికి ఉన్న విలువ దుష్ప్రచారం చేసేవాళ్లకూ తెలుసు. 2020 డిసెంబర్‌లో బ్రసెల్స్‌లోని 'ఈయూ డిస్ఇన్ఫోల్యాబ్' బయటపెట్టిన 'ఇండియన్ క్రానికల్స్' నివేదిక మనకు దగ్గరి ఉదాహరణ. ఢిల్లీలోని శ్రీవాస్తవ గ్రూపు 15 ఏళ్లపాటు 750కి పైగా నకిలీ వార్తాసంస్థలతో, ఎప్పుడో మూతపడ్డ సంస్థల పేర్లతో పాకిస్తాన్‌కు వ్యతిరేకంగా ప్రచారం నడిపిందని అందులో ఉంది. అలా బతికించిన వాటిలో ఒకటి 1970లలోనే ఆగిపోయిన శాంతి అధ్యయన సంఘం. దాని మాజీ అధ్యక్షుడు, హార్వర్డ్ ఆచార్యుడు లూయీ సోన్ 2006లో చనిపోయాడు. 2007లో ఐరాస మానవ హక్కుల మండలి సమావేశానికి హాజరైనట్టు ఆయన పేరు నమోదైంది. భారత విదేశాంగ శాఖ తమకు సంబంధం లేదని, భారత్ అలాంటి ప్రచారాలు చేయదని చెప్పింది.

మన దగ్గర ఈ రంగానికి గ్రాంటు డబ్బు ఎక్కువగా కంపెనీల నుంచే వచ్చింది. 2018లో పిల్లల దొంగలంటూ వాట్సాప్ పుకార్లకు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులు దెబ్బలు తిన్నారు. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి పాటలతో, డప్పుతో చెప్పించారు. దానికి ఏ అంతర్జాతీయ గ్రాంటూ లేదు. ఆ ఏడాది నవంబర్‌లో వాట్సాప్ ప్రపంచవ్యాప్తంగా 20 పరిశోధక బృందాలకు కలిపి 10 లక్షల డాలర్లు ప్రకటించింది. తెలుగులోనూ పనిచేసే హైదరాబాద్ 'ఫ్యాక్ట్‌లీ' లాంటి సంస్థలకు సోషల్ మీడియా వేదికలతో ఒప్పందాలు ఆసరా అయ్యాయి. 2025 జనవరిలో ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యజమాని మెటా అమెరికాలో ఫ్యాక్ట్‌చెక్ ఒప్పందాలకు స్వస్తి చెబుతామన్నప్పుడు ఆ ఆసరా పోతుందన్న భయం ఇక్కడికీ వచ్చింది. విదేశీ సంస్థల నుంచి నేరుగా తీసుకోవడం కష్టమే. ఢిల్లీలోని 'సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్' విదేశీ విరాళాల అనుమతి 2023 ఫిబ్రవరిలో ఆగి, 2024 జనవరిలో రద్దయింది.

ఐరోపాలో డబ్బు వేరే వైపుల నుంచీ చేరుతోంది. 2020లో ఫ్లారెన్స్ కేంద్రంగా, దుష్ప్రచారాన్ని గమనించడానికి మొదలైన డిజిటల్ మీడియా అబ్జర్వేటరీ దేశాలవారీ కేంద్రాలకు సమాఖ్య నిధులున్నాయి. 2021లో గూగుల్ ఐదేళ్లకు 2.5 కోట్ల యూరోలిచ్చి పెట్టించిన నిధి నిర్వహణ పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్‌కు దక్కింది. దుష్ప్రచారం పారే వేదిక యజమానే దాని మీద పరిశోధనకు డబ్బివ్వడం గురించి ఎవరి అభిప్రాయం వాళ్లది. నాకైతే మింగుడుపడదు. 2025 నవంబర్‌లో ఐరోపా కమిషన్ ప్రజాస్వామ్యాన్ని దుష్ప్రచారం నుంచి కాపాడే ప్రణాళికగా 'డెమోక్రసీ షీల్డ్' ప్రకటించింది.

విషెగ్రాడ్ ఫండ్ దరఖాస్తుల గడువులు ఏటా మూడు: ఫిబ్రవరి 1, జూన్ 1, అక్టోబర్ 1. 2022 తర్వాత ఆ నాలుగు ప్రభుత్వాలకు రష్యా విషయంలో పొంతన కుదరలేదు. విదేశీ డబ్బు తీసుకునే సంస్థల కూపీ లాగడానికి హంగరీ 2023 డిసెంబర్‌లో చట్టం చేసి సార్వభౌమత్వ రక్షణ కార్యాలయం పెట్టింది. 2024లో అది విచారణ మొదలుపెట్టిన మొదటి సంస్థల్లో ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ హంగరీ శాఖ, 'ఆత్లాత్సో' అనే పరిశోధనాత్మక వార్తా సంస్థ ఉన్నాయి. అప్పుడు కూడా విషెగ్రాడ్ ఫండ్‌లో నాలుగో వంతు హంగరీ ప్రభుత్వానిదే.